సభ ముగిసిన మర్నాడు

"సభ జయప్రదంగా ముగిసింది."

ఈ వాక్యాన్ని ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. కాలేజీలో తెలుగు చెప్పేవాడికి రెండు పనులు ఎలాగూ తప్పవు. ఒకటి, ప్రార్థన పాడే పిల్లల్ని వెతికి పట్టుకోవడం. రెండోది, సభ అయిపోగానే పత్రికలవాళ్ళకు నివేదిక రాసివ్వడం. నివేదికలో మొదటి వాక్యం ఏదైనా కావచ్చుగాని, చివరి వాక్యం మాత్రం ఇదే. మైకు మొరాయించినా, షామియానా ఒరిగిపోయినా, ముఖ్య అతిథి బొత్తిగా రాకపోయినా సభ జయప్రదంగానే ముగుస్తుంది. జయప్రదంగా ముగియని సభను గురించి మీరెప్పుడైనా చదివారా?

కొన్నేళ్ళ కిందట మా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పెద్ద సభకు నేనే నిర్వాహకుణ్ణి. విశ్వవిద్యాలయం పేరు చెప్పను. తప్పు దానిది కాదు, నాది. మూడు వందల మంది వచ్చారు. చప్పట్లు మోగాయి. రాత్రికి నివేదిక రాసిచ్చి, పైన చెప్పిన వాక్యంతో ముగించి, హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ అక్కడికి వెళ్ళవలసివచ్చింది. గొడుగు మరిచిపోయాను. మా వైపు గొడుగు వానకోసం కాదు సుమండీ, ఎండకోసం.

హాలు ముందు ఊడ్చే ఆవిడ ఒక్కతే ఉంది. చుట్టూ నీళ్ళ సీసాలు. ముప్పై పెట్టెలు తెప్పించాం, పెట్టెకు ఇరవైనాలుగు. ఒక్కొక్కరూ ఒక సీసా మూత తీయడం, రెండు గుక్కలు తాగడం, ఎక్కడ పెట్టారో మరిచిపోయి ఇంకొకటి తీయడం. ఆవిడ ఆ సీసాలన్నీ ఏరి, అడుగున మిగిలిన నీళ్ళు బిందెలోకి వంచుతోంది. నన్ను చూసి, ఏదో తప్పు చేస్తున్నట్టు కొంగు సర్దుకుంది.

"పారబొయ్యబుద్ధి కాలేదు సారూ. మూడు బిందెలైనాయి. నాలుగోది నిండుతాంది," అంది.

ఆ మాట విని, గొడుగు సంగతి మరిచిపోయాను.

కాస్త అవతల అన్నం కుప్ప. దాని మీద కాకులు. ఇంకా అవతల మా అందరి నిలువెత్తు బొమ్మలున్న ఫ్లెక్సీ, నేలకు ఒరిగి. ఆవిడ దాన్ని చూపించి, "అది మీకేం పనికిరాదు గదా సార్, మా మేకల కొట్టానికి ఎత్తుకపోతా," అని అడిగింది. తీసుకెళ్ళమన్నాను. ఆ ఏడాదంతా మా ముఖాల కింద నాలుగు మేకలు ఎండకు తలదాచుకున్నాయి. సభవల్ల జరిగిన ప్రత్యక్ష ప్రయోజనం అదొక్కటేనని ఇప్పటికీ నా నమ్మకం.

గొడుగు వేదిక మీది బల్ల వెనక దొరికింది. దాని పక్కనే ఒక ప్రశంసాపత్రం, ఒక పుస్తకాల కట్ట. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి. ఇవ్వవలసిన అమ్మాయికి ఇవ్వలేదు.

ఆ అమ్మాయి చక్రాల కుర్చీలో వస్తుంది. వేదికకు మెట్లున్నాయి గాని, ఏటవాలు దారి లేదు. పేరు పిలిచారు. అమ్మాయి కుర్చీ మెట్ల దాకా వచ్చి ఆగింది. సభ ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. అప్పటికే ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు; భోజనాలకు మూడు గంటలు దాటింది; చక్కెర జబ్బున్న రిటైరైన మాస్టారు ఒకరు కళ్ళు తిరిగి కూలబడితే బెల్లం ముక్క కోసం పరుగులు పెట్టాం. ఆ కంగారులో నేనే మైకు అందుకుని, "తరువాత ఇస్తాం," అన్నాను. ఆ తరువాత అనేది రాలేదు. ఊరికి బస్సు వేళైందని అమ్మాయి వెళ్ళిపోయిందట. నేను గమనించనే లేదు.

మాది బత్తలపల్లె. అనంతపురం నుంచి కదిరి వెళ్ళే దారిలో, ధర్మవరానికి దగ్గర. 2022 ఏప్రిల్ దాకా మాది అనంతపురం జిల్లా. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని, పైన ఆకాశం మారలేదు. నైరుతి ఋతుపవనం చాలామట్టుకు పడమటి కనుమల అవతలే కురిసేసి, మా పీఠభూమికి వచ్చేసరికి చేతులు దులుపుకుంటుంది. ఈశాన్యం తూర్పుతీరంలోనే బరువు దించుకుని, మా దాకా వచ్చేటప్పటికి అలిసిపోతుంది. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్లు, అటూ ఇటూగా. అలాంటి నేల మీద సీసాలు సీసాలుగా నీళ్ళు వదిలేసి వచ్చాను.

ఇంకొక సంగతి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురంలో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వారి ఆస్పత్రి మా ఊళ్ళోనే ఉంది. చూపు లేని పిల్లలకూ, వినబడని పిల్లలకూ బళ్ళు నడుపుతున్న సంస్థ అది. కర్ర ఊతంతో నడిచేవాళ్ళూ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళూ మా ఊరి రోడ్డుకు కొత్తకాదు. రోజూ చూస్తున్నదే, వేదిక ఎక్కగానే నాకెలా కనబడకుండా పోయింది?

ఆ సాయంత్రం ప్రశంసాపత్రం చంకన పెట్టుకుని ఇల్లు చేరాను. మా అమ్మ అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వొలుస్తోంది. సభ ఎట్లా జరిగిందని అడగలేదు. "ఎవరు తినకుండా పోయినారప్పా?" అని అడిగింది.

నాకు చిన్నప్పటి సంగతి జ్ఞాపకం వచ్చింది. మా ఇంట్లో పెళ్ళి జరిగినా, తద్దినం జరిగినా చివరి బంతి లేచాక అమ్మ వాకిట్లో నిలబడి ఇదే ప్రశ్న వేసేది. ఎవరొచ్చారో ఆమెకు అక్కర్లేదు. వచ్చినవాళ్ళు ఎలాగూ తిని వెళ్ళారు. మంచం పట్టిన ముసలాయన, పచ్చి బాలింత, చెరువు అవతల గొర్రెల మంద దగ్గర ఉండిపోయిన పిల్లవాడు, వీళ్ళ లెక్క ఆమెకు కావాలి. క్యారియర్లు కట్టి పంపిన తరువాతే తను విస్తరి ముందు కూర్చునేది. ఎమ్మే చదివిన నేను మూడు వందల మందితో సభ జరిపి, ఆ ఒక్క ప్రశ్న వేసుకోలేకపోయాను.

ఆదివారం ఆ అమ్మాయి ఊరు వెదుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది. పుస్తకాలు చేతిలో పెట్టి, క్షమించమన్నాను. అమ్మాయి నవ్వింది.

"మెట్లు నాకు అలవాటే సార్. ఆ 'తరువాత' అనే మాటే ఎంతకీ అలవాటు కాలేదు."

కాసేపాగి, ఆ రోజు పొద్దుటినుంచీ నీళ్ళు తాగలేదని కూడా చెప్పింది. ఎందుకంటే, కుర్చీతో లోపలికి వెళ్ళగలిగిన మరుగుదొడ్డి అక్కడ ఒక్కటీ లేదు. అటు వందల సీసాలు, ఇటు ఎండిన గొంతు. మా సభ ఎంత జయప్రదమో అప్పటికి నాకు పూర్తిగా అర్థమయింది.

ఏడాది తిరిగింది. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో ఆ రోజున పుట్టారు. మనం మాట్లాడే తెలుగును పుస్తకాల్లోకి రానివ్వమని పోరాడినవాడు. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించినవాడు. గడప బయట నిలబడ్డవాళ్ళ కోసం తలుపు తీసిన మనిషి పుట్టినరోజు సభకే కొందరు రాలేకపోతే, ఆ సభ ఎవరి పేరుతో చేస్తున్నట్టు? నిర్వాహకత్వం మళ్ళీ నాకే ఇవ్వమని అడిగి తీసుకున్నాను.

కమిటీ సమావేశంలో అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న వచ్చింది: ముఖ్య అతిథి ఎవరు? అది చివరికి చూద్దామన్నాను. ముందు రెండు సంగతులు తేలాలి. ఎవరు రాలేరు? మర్నాటికి ఏం మిగులుతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ అమ్మాయినే పిలిచాం. అప్పటికి ఆమె పై తరగతికి వచ్చింది. వేదికకు బల్లలు పరిచి ఏటవాలు దారి వేశామని మా వడ్రంగి గర్వంగా చూపించాడు. అమ్మాయి ఒక్క చూపు చూసి, "ఇది జారుడుబండ సార్," అంది. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలట. మా వడ్రంగి నాలుగడుగుల్లో తేల్చేశాడు. లెక్క కట్టి చూస్తే దారి హాలు సగం దాకా వస్తుంది. అప్పుడామే అడిగింది: "అసలు వేదిక ఎందుకు సార్?" ఎవరిదగ్గరా సరైన జవాబు లేదు. వేదిక మానేశాం. కుర్చీలు అర్ధచంద్రాకారంగా వేసి, మాట్లాడేవాళ్ళను కూడా నేల మీదే నిలబెట్టాం. ఖర్చు తగ్గింది. మరుగుదొడ్డి తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీ తిరగదని కూడా ఆమె చెప్పేదాకా మాకు తోచలేదు. తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించాం.

ఇదేదో మా దయాదాక్షిణ్యం అనుకునేరు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో ఇటువంటి వసతులు ఎలా ఉండాలో యూజీసీ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. మా అలమరాలో ఆ కాగితాలున్నాయి. వాటి మీద దుమ్ము కూడా ఉంది.

వినబడని విద్యార్థులు నలుగురున్నారు. సంజ్ఞాభాష తెలిసిన ఉపాధ్యాయురాలు ఒకరిని బతిమాలి పిలిచాం. దీనివల్ల అనుకోని లాభం కలిగింది. ఉపన్యాసకులు ఆవిడ చేతులు చూసి, తమ వేగం తగ్గించుకోవలసివచ్చింది. సంజ్ఞల్లోకి ఒదగని సమాసాలు వాటంతట అవే రాలిపోయాయి. ఇరవై ఏళ్ళలో నేను విన్న సుళువైన తెలుగు ఉపన్యాసాలు అవే. గిడుగువారు సంతోషించి ఉంటారు.

వేళ మాటకొస్తే, బస్సుల పట్టిక దగ్గర పెట్టుకుని కార్యక్రమం వేశాం. పదిన్నరకు ఆరంభం, ఒంటిగంటకు భోజనం, మూడుకు ముగింపు. ఆలస్యంగా వచ్చే అతిథి ఉన్నచోట నుంచి వినవలసిందే గాని, ఆయన కోసం ఆకలితో ఎవరూ కూర్చోకూడదు. గంటకోసారి పది నిమిషాలు లేచి తిరగడానికి విరామం. పెద్దవాళ్ళ మోకాళ్ళకూ మంచిది, పిల్లల చెవులకూ మంచిది.

ఇక రెండో ప్రశ్న: మర్నాటికి ఏం మిగులుతుంది? ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, పళ్ళేలు, చెంచాలు, అలంకారానికి వాడే థర్మకోలు, పలుచని ప్లాస్టిక్ బ్యానర్లు మన దేశంలో 2022 జూలై 1 నుంచి నిషిద్ధం. అంతకుముందు సభలో ఆ జాబితాలోని వస్తువులు సగం మా హాల్లోనే ఉన్నాయి; చట్టం వచ్చి అప్పటికే ఏడాది దాటింది. నీళ్ళ సీసా ఆ జాబితాలో లేదు గాని, మా మనస్సాక్షి జాబితాలో చేర్చుకున్నాం. నాలుగు మూలలా మూత వేసిన మట్టికుండలు, పొడుగుకాడ గరిటెలు, హాస్టలు నుంచి తెచ్చిన స్టీలు గ్లాసులు పెట్టించాం. సగం గ్లాసే ముంచండి, కావాలంటే మళ్ళీ ముంచుకోండి అని రాసి పెట్టాం.

స్టీలు కంచాలా, విస్తరాకులా అని పెద్ద చర్చ జరిగింది. కంచాలైతే చెత్త ఉండదు, నిజమే. కాని ఒక్కొక్క కంచం కడగడానికి చెంబెడు నీళ్ళు కావాలి. నీళ్ళున్న సీమలో కంచమే మేలు. మా సీమలో ఆకే మేలు. తిన్న ఆకులు ఎరువుగుంటలోకి వెళ్ళాయి. చేతులు కడుగుకునే చోటు వేపచెట్ల పాదుల దగ్గర పెట్టాం. ముఖ్య అతిథికి మొక్క బహూకరించడం ఈ మధ్య ఫ్యాషనయింది గదా. ఫొటో అయిపోగానే ఆ మొక్క కారు వెనక సీట్లోనే వాడిపోతుంది. మా నేలలో మొక్క నాటడం సుళువు. రెండు వేసవులు బతికించడమే కష్టం. అందుకని కొత్త మొక్క ఇవ్వకుండా, ఉన్న చెట్లకు నీళ్ళిచ్చాం.

భోజనం దగ్గర మాత్రం యుద్ధమే జరిగింది. సంగటి, ఊరిబిండి, ఆకుకూర పప్పు, కొర్రన్నంలోకి మజ్జిగ, చివర ఒక ఓళిగ అన్నాను. "అతిథులకు సంగటా? నవ్వుతారు సార్!" అన్నాడు ఒక మిత్రుడు. అతని బాధ నాకు తెలియనిది కాదు. మా పెద్దవాళ్ళకు వరి అన్నం పండగనాటి మాట. చుట్టం వస్తే సంగటి కుండ లోపల దాచి, బియ్యం అప్పు తెచ్చి వండిన ఇళ్ళు మావి. కాని కిలో బియ్యం పండాలంటే వెయ్యి లీటర్లకు పైగా నీళ్ళు కావాలి. రాగి, కొర్ర ఈ మెట్ట నేలలో వాన చినుకుతోనే పండుతాయి. రాగిలో కాల్షియం, పీచు బాగా ఉంటాయని వైద్యులు చెబుతున్నారు. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. మాకు దగ్గర్లోనే, చెన్నేకొత్తపల్లిలో 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ ఈ ధాన్యాలను మళ్ళీ చేలల్లోకి తేవడానికి ఎంతో పాటుపడింది. ప్రపంచమంతా మర్యాద చేస్తున్న గింజకు, పుట్టింట్లోనే మర్యాద లేకపోతే ఎలా? చిన్న చిన్న ముద్దలు చేయించాం. నవ్వుతారన్న మిత్రుడే మూడోసారి వడ్డించుకున్నాడు.

ఫ్లెక్సీకి బదులు గుడ్డ బ్యానరు. ధర్మవరంలో బోర్డులు రాసే పెద్దాయన ఒకరున్నారు. ఫ్లెక్సీలు వచ్చిన తరువాత ఆయన కుంచెలు ఎండిపోయాయి. కబురు పెడితే పరమానందంగా వచ్చారు. "తేదీ వేయొద్దండీ, ప్రతి ఏడూ వాడుకుంటాం," అన్నాను. "అయితే నాకు మళ్ళీ పని ఉండదన్నమాట!" అన్నారాయన. ఆలోచించి, సంవత్సరం మాత్రం విడిగా గుడ్డముక్క మీద రాసి కుట్టే ఏర్పాటు చేశాం. ఏడాదికొక ముక్క ఆయనది.

ఇవన్నీ మా బుర్రలో పుట్టిన వింతలు కావు. లండన్ ఒలింపిక్సు జరిగిన 2012లోనే, ఉత్సవాలు భూమికి బరువు కాకుండా ఎలా జరపాలో చెప్పే ఐ.ఎస్.ఓ. 20121 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. 2015లో కేరళలో జాతీయ క్రీడలు జరిగినప్పుడు, పారేసే ప్లాస్టిక్‌ను దూరంపెట్టే హరిత నియమావళి అమలుచేశారు. అంత పెద్దవాళ్ళు అన్ని వేల మందితో చేయగలిగినప్పుడు, మూడు వందల మందితో మనమెందుకు చేయలేం?

సభ జరిగింది. లోపాలు లేకుండానా? ఏడు స్టీలు గ్లాసులు పోయాయి. హాస్టలు వార్డెను నాతో వారం రోజులు మాట్లాడలేదు. మధ్యాహ్నానికి ఒక కుండ ఖాళీ అయితే నింపేవాడు కనబడలేదు. ఎంత వద్దన్నా ఒకాయన జిలుగు కాగితం చుట్టిన పూలగుత్తి పట్టుకొచ్చాడు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

వ్యాసరచన బహుమతి మళ్ళీ ఆ అమ్మాయికి రాలేదు. రెండో సంవత్సరం చదివే కుర్రవాడికి వచ్చింది. ఇచ్చింది మాత్రం ఆ అమ్మాయే. ఆ సంవత్సరం మా ముఖ్య అతిథి ఎవరని అడుగుతారేమో, ఆమే. ఇచ్చిన వేళ కుర్రవాడు తనకు తెలియకుండానే మోకాళ్ళ మీద కూర్చున్నాడు, ఆమె కళ్ళకు సమానంగా.

మర్నాడు పొద్దున్న, గొడుగు మరిచిపోకపోయినా, కావాలనే వెళ్ళాను. ఊడ్చే ఆవిడ అరగంటలో పని ముగించుకుని వేపచెట్టు కింద కూర్చుని ఉంది. చీపురు పక్కన ఒక్కటే బుట్ట. అందులో ఆ పూలగుత్తి జిలుగు కాగితం. ముందురోజు ఆవిడ మాతోపాటు బంతిలో కూర్చుని తింది. పోయినసారి మిగిలిందే తిన్నదని నాకు అప్పటిదాకా తెలియదు.

"ఈసారి నీళ్ళేం మిగల్లేదు సారూ," అంది. మెచ్చుకుంటోందో, దెప్పుతోందో తెలియలేదు. ఆ తరువాత, "కొట్టం మీది ఫ్లెక్సీ చినిగిపొయ్యింది. ఇంకొకటి యేస్తారేమో అనుకుంటి," అంది.

సీసాల్లో అడుగునీళ్ళు, పారేసిన ఫ్లెక్సీ, ఇవి మాకు చెత్త, ఆవిడకు సంసారం. చెత్త మానేసినంత మాత్రాన ఆవిడ బిందె నిండదు. ఊడ్చేవాళ్ళ ఇళ్ళకు కుళాయి రావాలని మా కమిటీ ఒక అర్జీ రాసింది. జవాబు రాలేదు, మళ్ళీ రాశాం. సభ ఖర్చులో మిగిలిన డబ్బుతో కొట్టానికి నాలుగు రేకులు కొనిచ్చాం. ఇది కూడా సభ నిర్వహణలో భాగమేనని ఇప్పుడు నా అభిప్రాయం.

మీ ఇంట్లోనూ రేపోమాపో గృహప్రవేశమో, నామకరణమో జరగబోతూ ఉంటుంది. శుభలేఖలు అచ్చుకు ఇచ్చే ముందు, వంటమేస్త్రీతో బేరం కుదుర్చుకునే ముందు, ఇంట్లో పెద్దావిడను ఒకమాట అడగండి. మెట్లెక్కలేని మేనత్త ఎవరో, ఒంటిగంటకల్లా తినకపోతే కష్టమయ్యే బాబాయి ఎవరో, ఎంగిలాకులు ఎత్తే మనిషి ఎప్పుడు తింటుందో ఆవిడకు తెలుసు. ఎమ్మేలో మాకు చెప్పని పాఠం అది.

నేను నివేదికలు ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. కాని చివరి వాక్యం మాత్రం ఆ రాత్రి రాయను. మర్నాడు పొద్దున్న వెళ్ళి, చూసి, అప్పుడు రాస్తాను. ఇంటికి వస్తే, అరుగు మీద మా అమ్మ ఎలాగూ అడుగుతుంది:

"ఎవరు తినకుండా పోయినారప్పా?"